మచ్చలు ఉంచమని మేం చెప్పలేదట

నా భార్య ముఖం మీది మచ్చలు తుడిచేశారు. ఒకటో రెండో ఫొటోల్లో కాదు, మనవరాలి పెళ్లి ఆల్బంలో ఆమె కనిపించే ప్రతి ఫొటోలోనూ తుడిచేశారు. మమ్మల్ని అడగలేదు. అడగాలని కూడా వాళ్లకు తోచలేదు.

తిరుపతి స్టూడియో నుంచి ఆల్బం నగరిలో మా ఇంటికి వచ్చిన రోజు అందరం దాని చుట్టూ చేరాం. కూతురూ అల్లుడూ మా వీధిలోనే ఉంటారు, వాళ్లూ వచ్చారు. కూతురు పేజీలు తిప్పుతోంది. నా భార్య కళ్లజోడు కొంగుతో తుడుచుకొని ముందుకు వంగింది. అక్షింతలు వేస్తున్న ఫొటో దగ్గర వేలు పెట్టి ఆపింది.

“ఈమె ఎవురే?”

“నువ్వే గదమ్మా.”

“నేనా? నా చీర కట్టుకోనుండాది, నా కమ్మలు పెట్టుకోనుండాది. మొగం మాత్రం ఎవురిదో.” నావైపు తిరిగింది. “ఏమయ్యా, నాకు తెలీకుండా ఇంగోదాన్ని తెచ్చి పెండ్లిలో కూర్చోబెట్టినావా?”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ముఖం ఒలిచిన కోడిగుడ్డులా ఉంది. కళ్లు ఆమెవే, నవ్వు ఆమెదే, నవ్వినప్పుడు ఎడమ చెంప మీద గుంటలన్నీ ఒక వరసలోకి వచ్చి సర్దుకుంటాయే, అది లేదు.

నేను నోరు తెరిచేలోపల కూతురు గుండె మీద చెయ్యి వేసుకొని అరిచింది. ఆమెకు కనిపించింది వేరే లోటు. పెళ్లికూతురి బుగ్గన చుక్క లేదు. దిష్టి తగలకుండా మా వాళ్లు కాటుకతో పెట్టే చుక్క, దాన్ని తన చేత్తోనే పెట్టింది. తలంబ్రాల్లో లేదు, తాళి కట్టేటప్పుడు లేదు, ఎక్కడా లేదు. అప్పటికప్పుడే స్టూడియోకు ఫోన్ చేసింది.

“ఏమప్పా, బుగ్గన సుక్క యాడబ్బా? ఇంతమంది సూసే ఫొటోలు, సుక్క లేకుండా ఉంటే బిడ్డకు దిష్టి తగలదా?”

అవతల స్టూడియో ఆయన కంగారు పడడం మా అందరికీ వినిపించింది. “అయ్యో అమ్మా, మచ్చ అనుకోని తీసేసినట్టుండారమ్మా. తప్పయిపోయింది. ఆ పేజీలన్నీ మళ్లీ ఏసిస్తాను.”

ఒక్క ఫోన్‌కే చుక్క తిరిగొచ్చింది. అదే నోటితో అమ్మ మచ్చల సంగతీ అడగమని కూతురికి చెప్పాను. ఆమె ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, “గొమ్మునుండు నాయనా, అమ్మ బాగనే ఉండాది గదా” అంది.

నాకు కోపం వచ్చింది అక్కడ. మనిషి పెట్టిన చుక్క పోతే తప్పు. అమ్మవారు పెట్టిన చుక్కలు పోతే బాగు.

నా భార్యది కార్వేటినగరం పక్కన పల్లె. చిన్నప్పుడు ఆమెకూ ఆమె తమ్ముడికీ ఒకేసారి అమ్మవారు పోసింది. తమ్ముడు దక్కలేదు. మా అత్త ఆ సంగతి చెప్పేటప్పుడు కన్నీళ్లు పెట్టుకొనేది కాదు. “అమ్మోరు ఇద్దురి తావకీ వొచ్చింది. వాణ్ని ఎత్తుకోని పోయింది, దీనికి ముద్రేసి ఇడిసిపెట్టింది” అనేది. ఆ ఇంట్లో ఆ మచ్చలను ఎవరూ మచ్చలనేవాళ్లు కాదు, ముద్రలనేవాళ్లు.

ఆమెను నేను మొదట చూసింది కెమెరా వెనక నుంచే. మాది మగ్గం ఇల్లు. అయిదో తరగతితో బడి మానేసి గుంటమగ్గంలో కూర్చొని, అది నచ్చక స్టూడియోలో నీళ్ల తొట్లు కడిగే పనికి చేరినవాణ్ని. నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ఫొటోలు కడిగే మందు పొట్లాల మీద రాసిన ఇంగ్లీషును అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకొన్నాను. ఆ తర్వాత నగరిలో మేడమీద ఒక గదిలో సొంతంగా స్టూడియో పెట్టాను. అక్కడికి ఆమెను వాళ్ల నాయన సంబంధం ఫొటో కోసం తీసుకొచ్చాడు.

“మచ్చలు కనపడకుండా తీయప్పా” అన్నాడు.

తీయవచ్చు. దీపాలు రెండూ ఎదురుగా పెట్టి, ఒడిలో తెల్లగుడ్డ పరిస్తే గుంటల్లో నీడ పడదు, నీడ పడకపోతే గుంటే కనిపించదు. తర్వాత నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దితే ఆ మిగిలిందీ పోతుంది. నేను దీపం జరుపుతున్నాను. ఆ పిల్ల స్టూలు మీద నుంచి కదలకుండానే అంది:

“సూసేదానికి వొచ్చేవాడు కండ్లు మూసుకోని వొస్తాడా నాయనా? ఫొటోలో లేనివి రేపు యాడ్నించి వొచ్చినాయని అడిగితే నువ్వు సెప్తావా, ఈయప్ప సెప్తాడా?”

స్టూడియోలో ఆడపిల్లలు అలా మాట్లాడే కాలం కాదు. నేను దీపాన్ని పక్కకు జరిపాను. ముఖం ఒకవైపు వెలిగింది, ముద్రలన్నీ లేచి నిలబడ్డాయి. ఆ నెగటివ్ మీద పెన్సిల్ పెట్టలేదు. ఆ సంబంధం కుదరలేదు. తర్వాత మా అమ్మను వాళ్లింటికి పంపించింది నేనే. నా భార్య మాత్రం అందరికీ వేరేలా చెబుతుంది. “ఫొటో బాగలేదని మా నాయన వాపసు తెస్తాడని బయపడి నన్ను పెండ్లి చేసుకున్నాడు” అంటుంది.

ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లు తీశానో. ఫిల్ము రోజుల్లో నొక్కిన ప్రతిసారీ ఒక బొమ్మ అయిపోయినట్టే, అందుకని నొక్కే ముందు చూసేవాళ్లం. తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు మోచెయ్యి పెళ్లికూతురి ముఖానికి అడ్డం వస్తుందని మాకు ముందే తెలుసు. పొద్దున్నే వెళ్లి పెళ్లి చేయించే అయ్యవారితో మాట్లాడుకొని, ఆయన ఎటు వంగుతాడో అడిగి, ఆ పక్కన చోటు పట్టుకొని నిలబడేవాణ్ని. పెళ్లికూతురు నల్లగా ఉంటే మండపంలో ఏ వాకిలి వెలుతురు ఆమెకు నప్పుతుందో వెతికేవాణ్ని. తెల్లగా చెయ్యడానికి కాదు. నలుపు నలుపుగానే నిగనిగలాడాలని.

మనవరాలి పెళ్లిలో ఫొటోలు తీసిన పిల్లవాడు మంచివాడే, మర్యాద తెలిసినవాడే. దీపం సూటిగా మా ముఖాల మీదికే తిప్పాడు. “అబ్బోడా, రవ్వంత పక్కకు జరుపు, అవ్వకు కిటికీ ఎలుతురు సక్కగా పడతా ఉండాది” అన్నాను. అతను చేతిలోని తెర వైపే చూస్తూ, “పర్వాలేదు తాతా, ఎడిటింగ్‌లో సూసుకుంటాంలే” అన్నాడు. ఆ మాట ఆ రోజు ఎన్నిసార్లు విన్నానో. పూలమాల జారితే ఎడిటింగ్. వెనక ఎవరో ఆవులిస్తే ఎడిటింగ్. తర్వాత చూసుకుంటామనేవాడు ఇప్పుడు చూడడం లేదనే కదా అర్థం. నలుగురు కెమెరాలు పట్టుకొని మా చుట్టూ తిరిగారు, నా భార్య ముఖాన్ని మాత్రం ఒక్కరూ చూడలేదు. ఎడిటింగ్‌కు పంపితే ఎక్కడో చెన్నైలో గదిలో కూర్చొని చూసినవాడికి అది ముఖంలా కనిపించలేదు, పనిలా కనిపించింది.

ఆల్బం వచ్చిన సాయంత్రం నా భార్య పీట మీద కూర్చొని పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలను పితుకుతోంది. కూతురు ఉత్సాహంగా చెప్పింది, అందరం కలిసి దిగిన ఫొటోను పెద్దది చేయించి హాల్లో తగిలిస్తానని.

“తగిలించుకో” అంది నా భార్య. గింజ పితికి తోలు ఒక పక్కన వేసింది. “రేపు నేను పోయినాంక ఆ పటంలో మొగాన్నే గదా కోసి పెద్దది సేయించేది? దానికే గదా దండేసేది? ఆమెకు దండేసి, ఆమెకు దీపం పెట్టి, ఆమెకు నాకిష్టమైన పితికిపప్పు పెడతారు. మల్ల నేను యాడుండేది?”

నవ్వుతూనే అంది, చేతులు ఆగలేదు. కూతురు “ఏం మాటలమ్మా అవి” అని లేచి వెళ్లిపోయింది. నేను ఆల్బంను సంచిలో పెట్టాను. మర్నాడు పొద్దున తిరుపతి బస్సు ఎక్కాను.

స్టూడియో ఆయనకు నలభై దాటి ఉంటాయి. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను ఆల్బం తెరిచి పేజీ చూపించి ఒక్కటే అడిగాను:

“ఈ మచ్చలు తీయమని నీకు ఎవురు సెప్పినారు?”

“ఎవురూ సెప్పలేదు సామీ.”

“మల్ల?”

“సెప్పకపోతే తీసేసేదే పద్దతి. ఉంచమని సెప్తేనే ఉంచుతాము.”

“అట్లనా? ముక్కు ఉంచమని సెప్పినామా? సెవులు ఉంచమని సెప్పినామా? వాటిని ఎందుకు ఉంచినావు?”

ఆయన నవ్వాడు. ఊరికే నవ్వి వదిలిపెట్టే మనిషి కాదు, వాదన తెలిసినవాడు. “మా నాయన గూడా స్టూడియోనే సామీ. మీ కాలంలో పెన్సిల్ పెట్టేవాళ్లు గదా? ఇప్పుడు మాది మౌసు. తేడా ఏముండాది?”

“పెట్టినాను. కాదన్లేదు. నిన్నొచ్చి రేపు పొయ్యే మొటిమను తీసినాను. నెగటివ్ మీద గీత పడితే తీసినాను. మనిసితో ఉండిపొయ్యి మనిసితో పొయ్యేదాన్ని తాకలేదు.”

“పోనీ, లైటు ఎదురుంగా పెట్టి మచ్చలు కనపడకుండా తీయలేదా? అది మాత్రం మోసం కాదా?”

“తీసినాను, అడిగినోళ్లకు. కనపడకుండా సేసినాను, లేకుండా సెయ్యలేదు. ఆ ఫొటోను దగ్గిరికి తీసుకోని సూస్తే గుంట ఉంటాది. నీది దగ్గిరికి తీసుకుంటే మచ్చ గాదు గదా, తోలే లేదు.”

ఆయన ఆల్బం మూసి నావైపు జరిపాడు. తర్వాత, “ఆర్డర్ ఇచ్చింది మీ అల్లుడు సామీ. పార్టీ సెప్పకుండా నేను మార్చేదానికి లేదు” అన్నాడు.

“ఆమె మొగానికి ఆమే పార్టీ” అన్నాను. “ఏమబ్బా, ఇది గంగమ్మ ఊరు. జాతరకు మొగోళ్లు గూడా చీరగట్టి, ఒళ్లంతా రంగు పూసుకోని ఆమెకు మొక్కు తీర్చుకుంటారు. ఆమె ఏసిన ముద్రను నువ్వు ఈడ కూర్చోని తుడిచేస్తావా? జాతరలో మొక్కు కింద తిట్టే తిట్లు నాకూ వొచ్చు. తిట్టమంటావా?”

“వొద్దు సామీ, గిరాకీ ఉండారు.”

నిజంగానే అప్పుడే ఒక కుటుంబం పెళ్లి ఫొటోలు మాట్లాడుకోవడానికి లోపలికి వచ్చింది. నేను సోఫాలో జరిగి వాళ్లకు చోటిచ్చాను. “రాండమ్మా, కూర్చోండి. ఏవేవి ఉంచల్లనో ముందే సెప్పేయండి. సెప్పకపోతే తీసేస్తారంట. పెండ్లికూతురికి పుట్టుమచ్చ ఉంటే సెప్పండి. మీ అత్తకు పన్ను ఎత్తుంటే సెప్పండి, లేకుంటే రేపు ఆమెను మీరే గుర్తుపట్టరు.” ఆ ఇంటి ఆడమనిషి ముందు భయపడింది, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. తన గడ్డం కింద కాలిన మచ్చను తడుముకొని, “ఇది పోతాదా అన్నా?” అని స్టూడియో ఆయన్ను అడిగింది. పోవాలని అడిగిందో ఉండాలని అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె ముఖం, ఆమె ఇష్టం. అడిగింది కదా, అది చాలు.

“మీరు ఊరికి పోండి సామీ, నేను సూస్తాను” అన్నాడు ఆయన.

చూస్తానన్న మాటకు నేను కదలనని ఆయనకు తెలియదు. ఆ తర్వాత కూడా వెళ్లాను. ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు, అందుకని మళ్లీ వెళ్లాను. నేను వెళ్లినప్పుడల్లా టీ మాత్రం తప్పకుండా వచ్చేది. ఇంట్లో కూతురు గొడవ పెట్టుకుంది. “మచ్చలు కావల్లని కొట్లాడేటోణ్ని లోకంలో నిన్నే సూసినా నాయనా. ఎవురన్నా వింటే నవ్వుతారు” అంది. నవ్వనివ్వమన్నాను. అల్లుడు ఎటూ చెప్పలేక పేపరు చదువుకొన్నాడు. చివరికి నా భార్యే అతని ముందు నిలబడి, “అల్లుడా, నా మొగం నాకు ఇప్పించు” అంది. అతను పేపరు మడిచి, అప్పటికప్పుడే స్టూడియోకు ఫోన్ చేసి సరేనన్నాడు.

ముసలివాడికి కొత్తది గిట్టదని మీరు అనుకోవచ్చు. నాకు కొత్త కెమెరాలంటే ఇష్టమే, చీకట్లో కూడా అవి చూసే చూపంటే ఈర్ష్య కూడా. నేను కొట్లాడింది యంత్రంతో కాదు. ఉన్న మనిషిని ఉంచాలంటే ఎవరో ఒకరు వచ్చి చెప్పుకోవాలనే ఆ పద్ధతితో. ఇంకెవరైనా అలాగే చేస్తే మళ్లీ బస్సు ఎక్కుతాను.

వారం గడవకముందే నా ఫోన్‌కు స్టూడియో ఆయన గొంతుతో కబురు వచ్చింది. అందరికీ వినపడేటట్టు పెద్దగా పెట్టి విన్నాం.

“సామీ, అవ్వ మచ్చలన్నీ వెనక్కి పెట్టేసినాను, ఒగటి గూడా ఇడవలేదు, నాదే పూచీ. అచ్చుకు పంపే ముందర ఒగ మాట అడగల్ల. అవే ఫొటోల్లో మీ ముడతలు గూడా తీసేసుండాము, ముక్కు పక్కన పులిపిరి గూడా తీసేసుండాము. ఇన్ని తూర్లు వొచ్చి కొట్లాడితిరి, ఒగసారన్నా దాన్ని గురించి అడగలేదు. అవి ఉంచల్లనా, వొద్దా?”