ధారూర్‌లో దిగలేదు

మా అమ్మ పోయినప్పుడు నేను ఏడో తరగతి. పెద్దదాన్ని కాబట్టి బడి మానిపించి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. ముగ్గురు తమ్ముళ్లకు వండిపెట్టి, చదివించి, పెళ్లిళ్లు చేసేసరికి నా పెళ్లి మాట అందరూ మరిచిపోయారు. నేనూ మరిచిపోయాననుకోకండి.

ఎవరి కాపురాలు వాళ్లవయ్యాక, తాండూరులో ఒక్కదాన్నే ఉంటూ, యాభై నాలుగో ఏట ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేరాను. "గీ వయసుల నీకెందుకక్కా గీ పరేషాన్?" అని తమ్ముళ్లు నవ్వారు.

"మీ సదువులన్నీ నా జొన్నరొట్టెల మీద వచ్చినయే. జర నోరు మూస్కోన్రి" అన్నాను.

వికారాబాద్‌లో లెక్కల పరీక్ష పడింది. ముందురోజు ధారూర్‌లో ఉండే చిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, రేపు నా బిడ్డను చూసుకోనీకి వస్తున్రు. నువ్వు లేకుంటే వంట ఎట్లయితది?"

"రేపు నాకు పరీక్ష ఉందిరా."

"పరీక్షదేముంది, మల్ల రాయొచ్చు."

ఒళ్లు మండింది. అయినా పొద్దున సంచిలో హాల్‌టికెట్‌తో పాటు కొత్తగా దంచిన మసాలా డబ్బా కూడా పెట్టుకున్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా! వికారాబాద్ వెళ్లే రైలు దారిలో ధారూర్‌లో ఆగింది. లేచి తలుపు దాకా వెళ్లాను. దిగితే నేను అక్కను, దిగకపోతే ఎవరినో నాకే తెలియలేదు. రైలు కదిలింది. సీట్లోకి వచ్చి కూర్చుని ఏడ్చాను.

పరీక్ష బాగానే రాశాను. రాసినంతసేపూ తమ్ముడింటి పొయ్యి గురించే ఫికర్. బయటికి రాగానే ఫోన్ చేశాను.

"వంట ఎట్ల చేసిన్రురా?"

"క్యాటరింగోళ్లకు చెప్పినం అక్కా. మస్తుగ చేసిన్రు. వాళ్లకు పిల్ల నచ్చింది. నువ్వేం ఫికర్ చేయకు."

పరీక్ష ఎలా రాశావని అడుగుతాడేమోనని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను. వాడు పెట్టేశాడు.

తిరుగు రైలు ధారూర్‌లో ఆగినప్పుడు నేను లేవలేదు. ఇంటికొచ్చి ఆ మసాలాతో నా ఒక్కదానికి వంకాయ కూర వండుకున్నాను. ఉప్పు తక్కువైంది. ఇదివరకైతే ముగ్గురూ ఒక్కసారే మొత్తుకునేవాళ్లు, నేను గరిటె ఎత్తి తిట్టేదాన్ని. ఇప్పుడు నేనే లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చుకున్నాను.