గంగాధర్ ఇక రాడు, అప్‌డేట్లు మాత్రం ఆగవు

నిన్న మధ్యాహ్నం మా వీధి కుర్రాడి ఫోన్. "గంగాధర్ పోయిండక్కా. గుండెపోటు."

ఏ గంగాధర్ అని అడిగాను. నాకు తెలిసిన గంగాధర్ ఒక్కడే. అయినా అడిగాను.

ముప్పై నిండలేదు. మా నాందేడ్ జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్ నుంచి వచ్చి, నాందేడ్‌లో మా పక్కవీధిలో అద్దెకుండేవాడు. సొంత తమ్ముడు కాదు. అంతకంటే ఎక్కువే.

కోపంగా ఉంది. ఎవరి మీదో కూడా తెలియట్లేదు.

కట్టబోయే ఇళ్ళను ముందే త్రీడీలో గీసి చూపించడం నా పని. షాపు కంప్యూటర్లో విండోస్ తీసేసి లైనక్స్ పెట్టింది వాడే. ఇక అప్పటి నుంచి నాకు నరకం.

అప్‌డేట్ అయిన ప్రతిసారీ లైనక్స్‌ను లోపలి నుంచి నడిపే మూలభాగం, కెర్నల్, మారుతుంది. బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డ్‌కు కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ప్రోగ్రామ్ దానితో కలవదు. స్క్రీన్ నల్లగా! ఆ డ్రైవర్ గుట్టు కంపెనీ ఎవరికీ చెప్పదు. ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలి.

అప్‌డేట్లే ఆపేద్దాం రా అంటే వినడు.

"దొంగలకు తలుపు తెరిచి పండుకుంటవా అక్కా?"

ఒకసారి నాయ్‌గావ్ నుంచి ఒక రైతు, ఆయన భార్య తమ ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. సరిగ్గా అప్పుడే నల్ల స్క్రీన్. రైతు కాకా ముఖం మాడిపోయింది.

"ఇంక ముగ్గు గూడ పొయ్యలే. గప్పుడే ఇల్లు చీకటాయె. అపశకునం. పా, పోదాం."

నాకు ఏడుపొక్కటే తక్కువ. పరుగున వచ్చాడు గంగాధర్.

"కాకా, ఇల్లు యాడికి పోలే, లోపట్నే ఉంది. గిది కంపెనీవోళ్ళ తమాషా. చాయ్ తాగు."

కంపెనీని తిడుతూనే డ్రైవర్ ఎక్కించాడు. ఇల్లు కనిపించింది. ఆయన భార్య, కాకీ, స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఈడ తులసి గద్దె పెట్టు బిడ్డా" అంది. ఇంకేం, బేరం కుదిరింది.

నేర్చుకో అక్కా అని వెంటపడేవాడు. నువ్వున్నావుగా అనేదాన్ని.

మొన్న మళ్ళీ అప్‌డేట్ పడింది. వచ్చి చూస్తానన్నాడు. రాలేదు.

ఈ రోజు నేనే కూర్చున్నాను. ఏడుస్తూ, కంపెనీని తిడుతూ, వాణ్ణీ తిడుతూ. ఎర్రర్ మీద ఎర్రర్. చివరికి ఎలాగో బొమ్మ వచ్చింది.

నేను చెప్పేదాకా వాడికి మనసు ఆగదు. అలవాటు కొద్దీ వాడి నంబర్ నొక్కేశాను.

వాళ్ళమ్మ ఎత్తింది.

ఆమే అడిగింది. "బొమ్మ అచ్చిందా బిడ్డా? వాడు పొద్దుమాపు గిదే అడుగుతుండె నిన్ను."

అచ్చిందమ్మా అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

పోయిరా తమ్ముడూ. నా కోపం నేను చూసుకుంటాను. ఎవరి ఫోనూ లేపని చోట చల్లగా నిద్రపో.