వైరు పట్టుకున్న దసరా

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా వదిన కీబోర్డుకు బొట్టు పెట్టింది. దసరా నాడు పనిముట్లకు పూజ చేయడం అందరిళ్లలోనూ ఉన్నదే. ఆ రోజుల్లో భూపాలపల్లిలో మాకొక చిన్న పాటల బృందం ఉండేది. అన్న కీబోర్డు వాయించేవాడు, నేను వైర్లు చూసేవాణ్ని (కంప్యూటర్ తెరవడం వస్తే చాలు, ఇంజనీరునే అనుకునే వయసు). వదిన భక్తిలో లోటు చేసే మనిషి కాదు. కీబోర్డుకు ఎన్ని రంధ్రాలుంటే అన్నిటికీ తడి పసుపు పెట్టింది, యూఎస్‌బీ రంధ్రానికి కాస్త ఎక్కువగా.

పూజ చేసిన వస్తువును జమ్మికి పోయి వచ్చేదాకా ముట్టుకోకూడదని మా ఇంటి పట్టింపు. రాత్రి ఎనిమిదింటికి మా పాటల కార్యక్రమం. కొత్త డప్పు దరువులు ఎక్కాలంటే ముందు కీబోర్డు లోపలి సాఫ్ట్‌వేర్ మార్చాలి. పొద్దుగూకాక వైరు పెడితే కంప్యూటర్‌కు కీబోర్డు కనబడలేదు. వైరు మార్చాను, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను, కంపెనీని తిట్టాను. అన్న టార్చి వేసి రంధ్రంలోకి చూశాడు.

"లోపలంత పసుపేరా. దేవుడు గుర్తువట్టిండు, కంప్యూటరే గుర్తువడ్తలేదు" అన్నాడు. వదినను ఒక్క మాట అనలేదు. దూది చుట్టిన అగ్గిపుల్లతో తుడిచాడు. ఆ తర్వాత కూడా వైరును బొటనవేలితో ఒక పక్కకు అదిమితేనే కీబోర్డు మీద లైటు వెలిగేది. నేను పట్టుకుంటే ఆరిపోయింది, అన్న పట్టుకుంటే నిలిచింది. అప్‌డేట్ మొదలుపెట్టాను. మధ్యలో వైరు ఊడితే కీబోర్డు ఇక లేవదు. మాకు వేరేది లేదు.

అప్పుడే గుమ్మంలో కాక కనిపించాడు. మా బాపు తమ్ముడు. పొలం గట్టు తగాదాతో ఏళ్లుగా మా గడప తొక్కనివాడు. చేతిలో జమ్మి ఆకు. చిన్నవాళ్లే పెద్దల దగ్గరికి పోయి ఆకు పెట్టి మొక్కాలి. అలాంటిది ఆయనే వచ్చాడు. అన్న లేవలేదు.

"కాకా, ఇప్పుడు నాకు లేవరాదు. జర కాళ్లు ఇటు పెట్టు."

"ఏందిరా? మొక్కెతందుకు కాళ్లు నేనే తెచ్చియ్యాల్నా? నీ పొగరు ఇంక తగ్గలే."

"పొగరు కాదు కాకా. ఈ వైరు ఇడిస్తే పెట్టె సచ్చిపోతది."

కాక వెనక్కి తిరిగాడు. అన్న వైరును చూశాడు, కాకను చూశాడు. "సస్తే సావనియ్యి. నువ్వు పోకు కాకా" అంటూ వేలు తీయబోయాడు.

"ఆగురా!" కాక గబగబా వచ్చి నేలమీద కూర్చుని తన బొటనవేలు అన్న వేలి మీద పెట్టాడు. "మెల్లగ తియ్యి నీది. ఆఁ. ఇగ మొక్కు."

అన్న మొక్కాడు. లైటు ఆరలేదు. అప్‌డేట్ పూర్తయ్యేదాకా కాక వేలు తీయలేదు. అలాయ్ బలాయ్ కౌగిలింతలకు వచ్చినవాళ్లందరినీ "దూరం, దూరం! ఈడ ఆపరేషన్ అయితున్నది" అని గదమాయించాడు. కార్యక్రమంలో డప్పు మోగగానే పక్కవాడికి తన బొటనవేలు చూపించి, "గా సప్పుడు దీనిదే" అన్నాడట.

అన్న పోయి రెండేళ్లవుతోంది. ఆయన వేలు తీయబోయినప్పుడు నేను కీబోర్డు పోతుందనే భయపడ్డాను. ఆయన భయం వేరని తెలుసుకోవడానికి ఈ ఇంజనీరుకు చాలా కాలం పట్టింది. ఇప్పటి నా కీబోర్డు వైఫై మీదే అప్‌డేట్ తీసుకుంటుంది. పక్కన కూర్చుని ఎవరూ వైరు పట్టుకోవడం లేదు.