ఫాంటెనెల్‌కు చివరి చొక్కా

బే వీధి దర్జీ లారోండ్‌కు డెబ్బై నాలుగేళ్లు. ఇప్పటికీ కళ్లద్దాలు లేకుండానే సూదిలో దారం ఎక్కిస్తాడు. పొద్దున్నే ఉప్పుచేపా ఉడికించిన అరటికాయా తింటే తప్ప మిషను తొక్కడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, కొలతలకు నిలబడ్డ మగాళ్లు పెళ్లాల గురించి చెప్పుకొనేది వినీ వినీ ఆ సరదా తీరిపోయిందనేవాడు.

మా దీవిలో అతనికి పేరొచ్చింది ఒక్క చొక్కా వల్ల. తెల్లదొరలు వెళ్లిపోయిన ఏడాది, రేవుకూలీల నాయకుడు, జనం చీఫ్ అని పిలుచుకునే ఇగ్నేషియస్ ఫాంటెనెల్ ప్రధాని అయ్యాడు. కోటూ టై లేనిదే శాసనసభలోకి రానివ్వమన్నారు. ఆయన నేరుగా లారోండ్ కొట్టుకొచ్చి, కూలివాడు కొనగలిగే బట్టతో, దొరలు వంకపెట్టలేని కుట్టుతో ఒక చొక్కా కుట్టమన్నాడు. పొట్టి చేతులు, నాలుగు జేబులు. అది తొడుక్కుని సభ మెట్ల మీద రెండు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు తలుపులు తీశారు. ఆ తర్వాత నలభై ఆరేళ్లు, లండన్ విందుల్లో కూడా, ఆయన ఒంటి మీద కోటు పడలేదు. ఆ చొక్కాలన్నీ లారోండ్ కుట్టినవే.

కిందటేడు కొలతలకు వచ్చినప్పుడు పెద్దాయన చేతికర్ర మీద వాలి, “నేను పోయాక వీళ్లు నాకు కోటు తొడుగుతారు లారోండ్. పడనివ్వకు,” అన్నాడు. లారోండ్ మాటిచ్చాడు.

చివరి నాలుగేళ్లలో ఒక్క మంత్రి కూడా ఆయన గడప తొక్కలేదు. పదవి దిగాక ఇచ్చిన కారు కూడా వెనక్కి లాక్కున్నారు. తొంభై ఏళ్ల మనిషి బజారు ఆడవాళ్లతో పాటు ఎండలో బస్సు కోసం నిలబడేవాడు. కుర్ర మంత్రులు ఆయన చొక్కాను మెకానిక్ చొక్కా అని ఎగతాళి చేసేవారు. ఆయన పోయిన మర్నాడు రేడియో పెడితే అందరూ ఏడుపే. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, వీళ్ల లెక్కన బుట్టెడు. ఛీ, వింటుంటే ఒళ్లంతా జిల పుట్టింది.

అంత్యక్రియలు చూసేది హిప్పొలైట్ అనే మంత్రి. లండన్ నుంచి నల్ల సూటు తెప్పించాడు. పెద్దాయన భార్య ఓడీల్‌ను మాటవరసకైనా అడగలేదు. లారోండ్ మంత్రి ఆఫీసుకు వెళ్లి మూడు గంటలు బెంచీ మీద కూర్చుని చివరికి పెద్దాయన కోరిక చెప్పాడు.

“బయటి దేశాల వాళ్లొస్తున్నారు తాతా. మెకానిక్‌లా పడుకోబెడితే మన పరువేంగాను?” అన్నాడు హిప్పొలైట్. “ఎలాగూ వచ్చావు కదా, సూటు వదులుగా ఉందట. కాస్త బిగించిపెట్టు.”

లారోండ్‌కు అతని ముఖాన ఉమ్మేయాలనిపించింది. కానీ ఆ సూటు చేతిలో ఉంటే తప్ప శవం గదిలోకి వెళ్లనివ్వరని తెలిసి తీసుకున్నాడు.

శవాల్ని సిద్ధం చేసే గాడ్విన్ ఇంటికి ఓడీల్ కూడా వచ్చింది, కిందటేడు కుట్టించిన చొక్కా సంచిలో పెట్టుకుని. గాడ్విన్ హడలిపోయాడు. తన లైసెన్సు పోతుందన్నాడు. ఓడీల్ గొంతు పెంచలేదు. “యాభై ఏళ్లు ఆయన బట్టలు ఇస్త్రీ చేశాను నాయనా. మంత్రి చేశాడా?” అంది. గాడ్విన్ తల గోక్కుని, పూలొచ్చాయేమో చూసొస్తానని బయటికి పోయాడు. మా దీవిలో చనిపోయినవారి బట్టను వీపు మీదుగా నిలువునా కోసి తొడుగుతారు. తన చేత్తో కుట్టిన చొక్కాను తన కత్తెరతోనే కోసేటప్పుడు లారోండ్‌కు ఏడుపు ఆగలేదు.

మర్నాడు సభామందిరంలో శవపెట్టె మూత తీశారు. పొద్దున ఆరింటి నుంచే వరస కట్టిన జనం చూసేశారు. హిప్పొలైట్ వచ్చేసరికి ఇక మార్చడానికి వీల్లేదు. మంత్రి ముఖం పాలిపోయింది. లారోండ్ వరసలోనే నిలబడి, తిట్లకూ, జైలుకూ కూడా సిద్ధపడ్డాడు. ముందున్న చేపలమ్మే ఆవిడ పెట్టె అంచు పట్టుకుని, “ఇదిగో మా చీఫ్. కోటేసుంటారేమోనని రావడానికే భయపడ్డానమ్మా,” అని ఏడ్చింది. చుట్టూ గొల్లుమన్నారు.

హిప్పొలైట్ జనాన్ని చూశాడు. రేడియో మైకును చూశాడు. గొంతు సవరించుకుని, చీఫ్ ఆశయాలను గౌరవిస్తూ ఈ చొక్కాలోనే సాగనంపాలని మంత్రివర్గం ఏకగ్రీవంగా నిర్ణయించిందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చేపలావిడ కూడా కొట్టింది.

దీనికి మాత్రం లారోండ్ సిద్ధపడలేదు. పెద్దాయన కాలరు సరిచేసి బయటికొచ్చి, మందిరం గోడ పక్కన కక్కుకున్నాడు. మాట నిలబెట్టుకున్నానన్న తృప్తి కూడా మిగల్చలేదు దొంగవెధవలు.

వారం తర్వాత హిప్పొలైట్ గుమాస్తా కొట్టుకొచ్చాడు. సభ మొదలయ్యే రోజున మంత్రులందరూ చీఫ్ జ్ఞాపకార్థం అదే చొక్కాలో వస్తారట. తొమ్మిది కుట్టాలి. కొలతలకు ఎప్పుడు రమ్మంటావని అడిగాడు.

లారోండ్ మిషను ఆపలేదు.

“తొందరేముంది?” అన్నాడు. “ఒక్కొక్కరూ గాడ్విన్ బల్ల మీదికి చేరాక కబురు పంపమను. టేపు పట్టుకుని నేనే వస్తాను.”