దానమ్మ చేతి వాచీ

రేపల్లెలో దానమ్మకి నాడి చూపించుకోని ముసలివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళు బాపట్లలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఊరికే కూర్చోమంటే కాలు నిలుస్తుందా? పొద్దున్నే తెల్లచీర కట్టి, స్విస్ వాచీ పెట్టుకుని వీధిన పడేది. ఉద్యోగం మానేరోజున పెద్ద డాక్టరమ్మ తన చేతి నుంచి తీసి తొడిగిన వాచీ అది. కుడిచేత్తో ఎదుటివాళ్ళ మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎడమచేతి కణుపులు లెక్కపెట్టి, "డెబ్బై ఆరు. బ్రహ్మాండం" అనేది. సగం జబ్బు అక్కడే తగ్గేది.

తొంభై ఒకటి వేసవిలో మోతుబరి సుబ్బాయమ్మ కంటికి శుక్లం తీశారు. కొత్త చూపొచ్చిన మనిషి ఊరుకుంటుందా? గోడమీద బల్లినీ, పప్పులో రాయినీ పట్టుకుని, చివరికి దానమ్మ వాచీని పట్టుకుంది.

"ఏంటి దానమ్మా, ముల్లు కదలట్లేదు?"

ఈ వాచీ పోతే ఇక దానమ్మ ముందు చెయ్యి చాపేదెవరు? మర్నాడే తెనాలి బండెక్కింది.

గడియారాల శివరామయ్య కంటికి భూతద్దం బిగించి మూత విప్పాడు. "రోజూ కీ ఇస్తున్నారా అక్కయ్యగారూ?"

"ఇవ్వకేం తమ్ముడూ! మునుపు బిగుసుకునేది. ఈమధ్య ఎంత తిప్పినా తిరుగుతానే ఉంది. వేళ్ళకి సుఖంగా ఉందనుకున్నా."

శివరామయ్య పకపకా నవ్వేసరికి భూతద్దం ఊడి బల్లమీద పడింది. "స్ప్రింగు తెగితే అట్టాగే తిరుగుద్దండి! నూనె కూడా జిగురైపోయింది. ఇది ఆగి ఆరునెలలు దాటింది."

మరి ఈ ఆరునెలలూ చూసిన నాడులు? అప్పుడు తట్టింది దానమ్మకి. ట్రైనింగులో చేరిన కొత్తల్లో వాచీ కొనే స్తోమత లేక, చర్చిలో చెప్పే పరలోక ప్రార్థన నిదానంగా చెబితే సరిగ్గా అరనిమిషమని కనిపెట్టింది. ప్రార్థన పెదాల మీద, లెక్క వేళ్ళ మీద, ఆనక దాన్ని రెట్టింపు చెయ్యడమే. వాచీ వచ్చాక కూడా పెదాలు ఆ పని మానలేదు. వాచీ చూసేదుంటే కదా, కళ్ళు తెరవడానికి!

ఆవిడ ఈ సంగతి పైకి చెప్పగానే శివరామయ్య అక్కడికక్కడే చెయ్యి చాపి, గోడ గడియారం మీద చూపు పెట్టాడు. ఆవిడ ఆమేన్ అనేసరికి ముప్పై సెకన్లు, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎనభై ఎనిమిది. బజ్జీలు తిన్నావా?"

"తిన్నానండి" అన్నాడు దొంగలా. తర్వాత వాచీ ఆవిడ ముందుకి జరిపాడు. "స్ప్రింగుకీ సర్వీసుకీ మూడొందలవుద్ది. అంతకి బ్యాటరీ వాచీలు రెండొస్తాయి. నన్నడిగితే దండగండి. అసలు మీకు వాచీ దేనికి?"

దానమ్మ వాచీని మళ్ళీ అతని వైపే జరిపింది.

"సుబ్బాయమ్మగారి పొలంలో మా అమ్మ కలుపు తీసేది తమ్ముడూ. దాహమంటే ఆవిడ పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసేది, చెయ్యి తగలకుండా. ఇప్పుడు పొద్దున్నే అరుగుమీద నాకోసం చెయ్యి చాపి కూర్చుంటది. నన్ను చూసి కాదు, డాక్టరమ్మ వాచీని చూసి. బ్యాటరీదైతే మా పాలేరుకీ ఉందంటది. బాగుచెయ్యి."

శివరామయ్య వారంలో ఇస్తానన్నాడు.

ఆ వారం దానమ్మ గడప దాటలేదు. బోసి చెయ్యి కొంగులో దాచుకుని, జ్వరమని కబురు కూడా పెట్టింది, లూథరన్ చర్చి మనిషయ్యుండి అబద్ధం! మూడోరోజు పొద్దున దానమ్మ ఉండే చర్చి వీధిలో ఒకటే గోల. పుట్టి బుద్ధెరిగాక ఆ వీధి తొక్కని సుబ్బాయమ్మ, కర్ర పోటేసుకుంటూ వచ్చి, దానమ్మ మంచం మీద కూలబడి చెయ్యి చాపింది.

"వాచీ లేదండి. తెనాల్లో ఉంది" అంది దానమ్మ, తల ఎత్తకుండా.

"ఇంత దూరం వాచీ కోసం వచ్చానేంటి? నువ్వు చెయ్యి పట్టుకుని మూడు రోజులైంది. ఏం తోచట్లేదు నాకు. పట్టుకో."

దానమ్మ పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఏడుపూ నవ్వూ కలగలిసి వచ్చేసరికి ప్రార్థన సగంలో తప్పింది.

"ఎంత?" అంది సుబ్బాయమ్మ.

"లెక్క తప్పానండి."

"అయితే మళ్ళీ మొదట్నుంచి చూడు. నాకేం తొందర?"