రాత్రి పూసే మొక్కలు

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే ప్యాసింజరు రైల్లో నా ఎదుట ఒకాయన వేళ్లతో సహా పెకలించిన మొక్కల మూటతో కూర్చున్నాడు.

"ఏం మొక్కలండీ?" అని అడిగాను.

"రేరాణి, విరజాజి. అన్నీ రాత్రి పూసేవేనండీ. మిల్లులో నాది రాత్రి డ్యూటీ. ఒంటరిగా మా ఆవిడకి తోచదని దొడ్డి నిండా వేశాను. ఎలా పూశాయో పొద్దున్నే చెప్పేది. నేను ఒక్క రాత్రీ చూడలేదు. పగటి డ్యూటీ కోసం మూడేళ్లు బతిమాలానండీ."

"ఇచ్చారా?"

"ఇచ్చారండీ. ఆవిడ పోయిన పదో రోజున."

కాలవ వంతెన రాగానే ఆయన తలుపు దగ్గర నిలబడి మొక్కలన్నీ నీళ్లలోకి విసిరేశాడు. ఒకటైనా నాకిమ్మని అడగవలసిందని ఇప్పటికీ అనుకుంటాను.

చేతులు దులుపుకుని వచ్చి కూర్చుని, "గూడెం ఇంకెంత సేపండీ?" అన్నాడు.