వంగని మెడ

ఆ రోజుల్లో పెళ్ళిచూపులకు కూర్చున్న పిల్లకు అసలు పనంతా మెడతోనే ఉండేది. తల వంచుకోవాలి, అడిగినదానికి తలూపాలి, నోరు మాత్రం విప్పకూడదు. నాకేమో సరిగ్గా ఆ రోజే మెడ మొరాయించింది. తప్పు విమానాలది. పోలీసు యాక్షన్ రోజుల్లో మా రెజిమెంటల్ బజార్‌లో మోత వినబడితే చాలు, పెద్దవాళ్ళు ఇళ్ళలోకి, నేను మిద్దె మీదికి. (ఇంట్లో అందరూ దేవుణ్ణి తలుచుకుంటుంటే నేను రెక్కల కింద గుర్తులు వెతుకుతుండేదాన్ని.) తల వెనక్కి వాల్చి ఆకాశం చూసి చూసి, గొడవలు సద్దుమణిగేనాటికి నా మెడ నిలువుగా బిగుసుకుపోయింది. కిందికి వంగదు, పక్కకు తిరగదు.

అప్పటిదాకా వాయిదా పడుతూ వచ్చిన మారేడ్‌పల్లి పెళ్ళివారు, రేపొస్తున్నామని అప్పుడే కబురంపారు. పెళ్ళయ్యాక కూడా మెట్రిక్ చదివిస్తానన్న ఒకే ఒక్క పెళ్ళికొడుకు అతను, బడిలో సైన్సు పంతులు. ఆ సంబంధం పోతే నా చదువూ పోయినట్టే. నానమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టింది, నువ్వుల నూనె రాసింది, చివరికి "జెర వంచు బిడ్డా, గింతంత!" అని బతిమాలింది. మెడ వినలేదు.

మర్నాడు చాప మీద కూర్చుని, వంచాల్సిన తల వంచలేక, పెళ్ళికొడుకు మొహంలోకే గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. (కళ్ళైనా దించుకోవచ్చు కదా అంటారేమో. దించాను. అప్పుడు కూర్చునే నిద్రపోతున్నట్టు ఉన్నానట.) వాళ్ళమ్మగారికి ఒళ్ళు మండింది. "ఏందిది? పిల్ల తల దించదేంది? గింత పొగరా?" అంటూ లేవబోయింది. నానమ్మ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "పొగరు కాదమ్మా, మెడ పట్టింది! విమానాలు సూసి సూసి..." అని గుట్టంతా బయటపెట్టేసింది.

పంతులుగారు నవ్వలేదు. పాఠం షురూ చేశారు.

"అమ్మా, కూసో. మెడల ఏడు ఎముకలుంటయి. అన్నిట్ల పైది గాజు లెక్క గుండ్రంగుంటది, తలకాయను మోస్తది. ఔనని తలూపేది దాని మీదనే. దాని కింది ఎముకకు మేకు లెక్క ఒకటుంటది. ఇసుర్రాయిల నడిమి మేకు సుట్టు పై రాయి తిరుగుతది సూడు, కాదని తల తిప్పేది గట్లనే. ఎముకలు మంచిగనే ఉన్నయి, కండలు బిగుసుకున్నయి, అంతే. పాపం, గీమెకు ఇప్పుడు ఔననుడు రాదు, కాదనుడు రాదు."

"మరి పిల్లకు ఇష్టమో కాదో ఎట్ల తెల్వాలె?" అంది వాళ్ళమ్మగారు, ఇంకా సగం లేచే ఉండి.

నాకు భయం పట్టుకుంది. తలూపడం కుదరక చదువు పోగొట్టుకున్న పిల్లను నేనొక్కదాన్నే అవుతానేమో! "నాకు ఇష్టమే!" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, వీధిలో పోతున్నవాళ్ళెవరో ఆగి చూశారు. నానమ్మ కొంగు మొహాన కప్పుకుంది. ముందుగా నవ్వింది వాళ్ళమ్మగారే.

మెట్రిక్ ప్యాసయ్యాను, ఆ పంతులుగారి ఇంట్లోంచే. ఈ వయసులో ఎముకలు అరిగాయని డాక్టరు మెడకు కాలరు తగిలించాడు. మళ్ళీ వంగదు, తిరగదు. టీ కావాలా అని ఆయన అడిగితే నోటితోనే చెప్పాలి.

"ఆ దినం తెరిసిన నోరు, మళ్ల మూసిందే లేదు" అంటారాయన.

నిజమేనని తలూపబోతాను. మెడ రాదు. పైకే ఒప్పుకుంటాను.